పిల్లల వుత్తరం – పెద్దల ఫోను

ప్రాథమిక పాఠశాలలో వాట్సాప్, ఫేస్‌బుక్ వంటి సామాజిక మాధ్యమాలను చదువు చెప్పడానికి వాడవచ్చునా అన్న ప్రశ్న మన విద్యారంగంలోకి వచ్చి చాలా కాలమే అయింది. దీన్ని గూర్చి రెండు వాదాలు వినిపిస్తున్నాయి. ఫోను వస్తే చాలు, పల్లెబడికీ పట్నపు బడికీ మధ్య వున్న అగాధం పూడిపోతుందని వొక పక్షం. ఫోను ముట్టుకుంటే పిల్లవాడు చెడిపోతాడని రెండో పక్షం. పైకి చూస్తే యివి పరస్పర విరుద్ధాలు. నిజానికి రెండింటిదీ వొకే పొరపాటు. రెండూ పనిముట్టునే చూస్తున్నాయి గాని, ఆ పనిముట్టు యెవరి చేతిలో వుంది, దానితో యెవరు యెవరికి యేమి చెబుతున్నారు అన్నది చూడడం లేదు.

నేను సాహిత్యం బోధించేవాణ్ణి. విద్యాశాస్త్రంలో పండితుణ్ణి కాను. అయినా యీ విషయం మీద కలం పట్టడానికి కారణం వుంది. రచన అనేది కవితోనో కథకుడితోనో మొదలు కాదు. ఆరేడేళ్ల పిల్ల తాను చూసినదాన్ని మరొకరికి తెలియజెప్పాలని మొదటి వాక్యం రాసుకున్నప్పుడు మొదలవుతుంది. ఆ వాక్యాన్ని చదివేవాడు వొకడుంటే అది భాష అవుతుంది. లేకపోతే అది చేతిరాత అభ్యాసంగానే మిగులుతుంది. కాబట్టి బడిలోకి వచ్చే యే మాధ్యమాన్నయినా సాహిత్య విమర్శ అడిగే ప్రశ్నలే అడగాలి. రచయిత యెవరు? పాఠకుడు యెవరు? భాష యెవరిది? కాగితం యెవరి సొత్తు?

యీ నాలుగు ప్రశ్నలనూ గాలిలో అడగకుండా, మా కడప జిల్లాలో గండికోట చుట్టుపట్ల నిలబడి అడుగుతాను.

1

2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా బడులు మూతపడ్డాయి. ఏప్రిల్ 16న కేంద్ర ప్రభుత్వం, 1 నుంచి 5 తరగతుల పిల్లల కోసం ఎన్.సి.ఇ.ఆర్.టి. తయారుచేసిన ప్రత్యామ్నాయ విద్యా క్యాలెండరును విడుదల చేసింది. ప్రాథమిక విద్యలో సామాజిక మాధ్యమాల వాడకాన్ని దేశవ్యాప్తంగా, అధికారికంగా సిఫారసు చేసిన పత్రం యిది. వాట్సాప్, ఫేస్‌బుక్, ట్విట్టర్, టెలిగ్రామ్ వంటివి యే విధంగా వుపయోగపడతాయో ఉపాధ్యాయులకు చెప్పింది. యింటర్నెట్ లేనివాళ్లు వుంటారని కూడా గుర్తించింది. అట్లాంటివాళ్లకు ఎస్.ఎం.ఎస్. పంపండి, ఫోనుచేసి చెప్పండి అన్నది. ప్రాథమిక తరగతుల పిల్లలకు తల్లిదండ్రులు సహాయపడాలని ఆశించింది.

ఆ పత్రం రాసినవాళ్లకు దురుద్దేశం అంటగట్టవలసిన పనిలేదు. ఆపత్కాలంలో తోచినది చేశారు. కాని విమర్శకుడు పత్రంలో వున్న మాటలతో పాటు, ఆ మాటల వెనుక పత్రం వూహించుకున్న మనిషిని కూడా చూడాలి. ఆ పత్రం వూహించుకున్న తల్లి పగలు యింట్లో వుంటుంది. ఆమెకు చదువు వచ్చు. ఆమె చేతిలో ఫోను వుంది, ఫోనులో డేటా వుంది, సాయంత్రం ఆమెకు తీరిక వుంది.

మన రాష్ట్రంలో ఆ తల్లి యెక్కడ వుంది? 2019–21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో యెన్నడైనా యింటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది. పురుషులు దాదాపు 49 మంది. యీ లెక్కను ప్రాథమిక విద్య వైపు నుంచి చదవాలి. చిన్నపిల్లల చదువు చూసుకోవలసింది తల్లి అని సమాజం శాసించింది. ఆ చదువును తండ్రి జేబులో వున్న యంత్రంలో పెట్టింది. తండ్రి సిమెంటు ఫ్యాక్టరీకో, పొలం పనికో, పొరుగూరి మేస్త్రీ పనికో పొద్దున్నే వెళ్లిపోతాడు. పాఠం కూడా ఆయనతోపాటే వెళ్లిపోతుంది.

ఆ రోజుల్లో మా ప్రాంతపు ఉపాధ్యాయ మిత్రుడొకరు రెండో తరగతి పిల్ల యింటికి వెళ్లి, గ్రూపులో పెట్టిన లెక్కలు యెందుకు చెయ్యలేదని అడిగితే తల్లి చెప్పిన జవాబు యిది: “ఫోను మా యింటాయన కాడ ఉండాది సార్. ఆయప్ప మాపటికి గానీ రాడు. వచ్చేతలికి పాప నిద్రపోతాది.” కేంద్ర ప్రభుత్వ పత్రానికి యింతకంటె సమగ్రమైన సమీక్ష నేను చదవలేదు.

2

అదే సంవత్సరం యీ ప్రాంతంలో మరొకటి జరిగింది. గండికోట దగ్గర పెన్న మీద కట్టిన జలాశయం గాలేరు–నగరి సుజల స్రవంతిలో భాగం. నిల్వ సామర్థ్యం 26.85 టి.ఎం.సి.లు. యీ నీళ్ల కింద కొండాపురం మండలంలోని వూళ్లు ముంపుకు గురయ్యాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు జనం, పరిహారం, పునరావాసం పూర్తికాకుండా పొమ్మంటే యెట్లా పోతామని సెప్టెంబరులో ఆందోళనకు దిగారు. నీళ్లు వూళ్లోకి వచ్చాయి. కుటుంబాలు సామాన్లు యెత్తుకుని తరలిపోవలసి వచ్చింది.

నీళ్లు వద్దని సీమలో పుట్టినవాడెవడూ అనడు. కరువు యెట్లాంటిదో మాకు పుస్తకాల ద్వారా తెలియవలసిన అవసరం లేదు. కాని నీళ్లకోసం వూరు యిచ్చినవాళ్ల పిల్లలను గూర్చి ఆలోచించడం అభివృద్ధికి వ్యతిరేకం కాదు. వొకే యేడు ఆ పిల్లలకు బడీ మూతపడింది, వూరూ మునిగింది. వొకే బెంచీ మీద కూర్చున్న పిల్లలు వేరువేరు చోట్లకు చెదిరిపోయారు. చెదిరిపోయిన పిల్లలను కలిపి వుంచడానికి నిజంగా వొక సామాజిక మాధ్యమం అవసరమైన ఘడియ యేదైనా వుంటే అది ఆ ఘడియే.

మరి బడి గ్రూపుల్లో జరిగిందేమిటి? నేను చూసిన కొన్ని గ్రూపుల రూపం దాదాపు వొకటే. పొద్దున ఉపాధ్యాయుడు అచ్చు కాగితం ఫోటో పెడతాడు. సాయంత్రానికి ముగ్గురు నలుగురు తండ్రులు, నోటుపుస్తకం ఫోటో తీసి పెడతారు. ఉపాధ్యాయుడు బొటనవేలు గుర్తు పెడతాడు. మధ్యలో పండుగ శుభాకాంక్షలు, యెవరో పంపితే యెవరో తోసిన వార్తలు. పిల్లవాడు పిల్లవాడితో మాట్లాడిన సందర్భం వొక్కటీ లేదు. “మీ కొత్త యింటి దగ్గర చెట్లున్నాయా?” అని వొక పిల్ల మరో పిల్లను అడిగిన వాక్యం లేదు. పేరు సామాజిక మాధ్యమం. పని నోటీసు బోర్డుది. నోటీసు బోర్డు చెడ్డదని నేననను. కాని దాన్ని సంభాషణ అని పిలవడం భాషకు చేసే అపచారం.

మొదటి ప్రశ్నకు జవాబు యిక్కడ దొరికింది. రచయిత పిల్లవాడు కాదు.

3

రెండో ప్రశ్న: పాఠకుడు యెవరు? బడులు తెరిచిన తరువాత గ్రూపులు పోలేదు. వాటి ముఖం తిరిగింది. పిల్లల వైపు చూడవలసిన గ్రూపు పైఅధికారుల వైపు చూడడం మొదలుపెట్టింది. మధ్యాహ్న భోజనం ఫోటో, మరుగుదొడ్డి ఫోటో, నోటుపుస్తకాల ఫోటో. 2022 ఆగస్టులో ఉపాధ్యాయుడు తన సొంత ఫోనులో తన ముఖమే చూపించి హాజరు వేసుకోవాలని ప్రభుత్వం ఆదేశిస్తే ఉపాధ్యాయ సంఘాలు నిరసన తెలిపాయి. ఆ నిరసనను కొందరు సోమరితనంగా చిత్రించారు. సోమరితనం సంగతి అట్లా వుంచుదాం. బడిలో వున్న వొక్క ఫోను రోజంతా పైకి సాక్ష్యం పంపడానికే సరిపోతే, ఆ ఫోను పిల్లల చేతికి యెప్పుడు వస్తుంది? యిద్దరు ఉపాధ్యాయులు అయిదు తరగతులు చూసే బడిలో పది నిమిషాలు ఫోటో తియ్యడమంటే పది నిమిషాలు రెండు మూడు తరగతులు వూరకే కూర్చోవడం. యీ మాధ్యమానికి పాఠకుడు పిల్లవాడు కాదు, అధికారి.

నాలుగో ప్రశ్నను యిక్కడే తేల్చుకుందాం. కాగితం యెవరి సొత్తు? వాట్సాప్‌ను 2014లో ఫేస్‌బుక్ సంస్థ దాదాపు 1,900 కోట్ల డాలర్లకు కొన్నది. అంత ధర పెట్టి కొన్నవాడు మన పిల్లల తెలుగు బాగుపడాలని కొనలేదు. ఆ సంస్థ నియమాల ప్రకారమే 13 యేళ్లు నిండనివాళ్లు సొంతంగా ఖాతా తెరవకూడదు. అంటే ప్రాథమిక పాఠశాల పిల్లవాడు ఆ గ్రూపులో సొంత హోదాతో వుండనే వుండడు. తండ్రి పేరు వెనుక నీడలాగా వుంటాడు. 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 18 యేళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూసి, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలన్నది. చట్టం వచ్చినందుకు సంతోషమే. అయితే బడి గ్రూపులో పిల్లల ముఖాల ఫోటోలు పెట్టేముందు తల్లిని అడిగే అలవాటు మనకు యింకా రాలేదు.

ప్రైవేటు సరుకు బడిలోకి వచ్చిన మరో దారి కూడా వుంది. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ సంస్థతో వొప్పందం చేసుకుంది. ఆ డిసెంబరులో ఆ సంస్థ పాఠాలున్న టాబ్‌లు అయిదు లక్షల పైచిలుకు యెనిమిదో తరగతి పిల్లలకూ, ఉపాధ్యాయులకూ పంచింది. 2024 జూలైలో అదే సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. మార్కెట్ యెత్తుపల్లాలతో పాటు పాఠ్యపుస్తకం కూడా యెక్కి దిగే పరిస్థితి తెచ్చుకోవడం విజ్ఞతేనా?

4

యింతవరకు చెప్పినది చదివి, అయితే యీ పనిముట్లను బడినుంచి వెళ్లగొట్టమంటారా అని మిత్రులు అడగవచ్చు. అట్లా అనడం లేదు. దూరాన వున్న పిల్లలతో పిల్లలు రాతలు మార్చుకుని నేర్చుకోవడమన్న భావం ఫోను కంటె పాతది, అభ్యుదయ విద్యా చరిత్రలో గౌరవనీయమైనది.

ఫ్రాన్సు దక్షిణాన బార్-స్యూర్-లూప్ అనే చిన్న వూళ్లో సెలెస్టిన్ ఫ్రెనే అనే ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు వుండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వూపిరితిత్తులకు గాయం తగిలి, యెక్కువసేపు గట్టిగా పాఠం చెప్పలేని స్థితి. 1924లో చిన్న అచ్చుయంత్రం వొకటి బడిలోకి తెచ్చాడు. వూళ్లో తాము చూసినదాన్ని పిల్లలే రాశారు, పిల్లలే అక్షరాలు కూర్చారు, పిల్లలే అచ్చువేశారు. 1926లో ఆ కాగితాలు బ్రిటనీ సముద్రతీరాన ట్రెగంక్‌లో వున్న మరో బడికి పోయాయి. అక్కడినుంచి జవాబులు వచ్చాయి. కొండ పిల్లలకు సముద్రం తెలిసింది, సముద్రపు పిల్లలకు కొండ తెలిసింది. ఫ్రెనే కమ్యూనిస్టు, పిల్లవాడికి చదువు చెప్పడమంటే అతనిచేత పని చేయించడం, తోటివాళ్లతో కలిపించడం అని నమ్మినవాడు.

ఇటలీలో ఫ్లారెన్సు దాపున బార్బియానా కొండపల్లెలో లోరెంజో మిలానీ నడిపిన బడిలో రైతుబిడ్డలు 1963లో మరో వూరి బడి పిల్లలతో వుత్తరాలు నడిపారు. వుత్తరాన్ని అందరూ కలిసి రాయడం, దిద్దడం, అనవసరమైన మాట తీసెయ్యడం నేర్చుకున్నారు. 1967లో తమ దేశపు బడులు పేదపిల్లలను యెట్లా వెళ్లగొడుతున్నాయో, వొక ఉపాధ్యాయినికి రాసిన వుత్తరం రూపంలో, పుస్తకంగా రాశారు. ఆ పుస్తకం యూరపు అంతటా చర్చ రేపింది.

మనవాళ్లు యేమీ తక్కువ తినలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, రేడియో అన్నయ్య, అక్కయ్య, ఆకాశవాణిలో పిల్లలచేత పిల్లలకు కార్యక్రమాలు నడిపించారు. 1945లో ‘బాల’ పత్రిక పెట్టి పిల్లల రాతలకు చోటిచ్చారు. ఆనాటి రేడియో కూడా సర్కారు సొత్తే. అయినా అందులోంచి పిల్లల గొంతు వినిపించింది. యెందుకంటే దాన్ని నడిపినవాళ్లు పిల్లవాణ్ణి శ్రోతగా మాత్రమే గాక, మాట్లాడేవాడుగా కూడా చూశారు.

యీ మూడు వుదాహరణల్లోనూ పనిముట్టు చవకైనది, సూత్రం వొక్కటే: పిల్లవాడి రాతకు తరగతిగది బయట నిజమైన పాఠకుడు వుండాలి, ఆ పాఠకుడు తిరిగి రాయాలి. వాట్సాప్ యీ సూత్రానికి లోబడి పనిచేస్తే పనికొస్తుంది. సూత్రం లేకుండా వాట్సాప్ మాత్రమే వస్తే అది మరో హాజరుపట్టీ.

5

యిక భాష సంగతి. గండికోటను గూర్చి యింతవరకు యెవరు రాశారు? 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే యిక్కడికి వచ్చి, మీర్ జుమ్లాను కలుసుకుని, ఆ సంగతులు తన యాత్రాగ్రంథంలో రాశాడు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కాలిన్ మెకంజీ మనుషులు దత్తమండలాల్లో వూరూరా తిరిగి కైఫియత్తులు రాయించారు. అవి చరిత్రకు అమూల్యమైనవే. కాని అందులో వినిపించేవి చాలావరకు దొరల వంశాలు, దేవాలయాలు, మాన్యాలు. యిప్పుడు సెలవు రోజుల్లో వచ్చే యాత్రికులు పెన్న లోయ అంచున నిలబడి ఫోటో తీసుకుని, అమెరికాలోని యేదో లోయతో పోల్చి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నారు. ఆ ఫోటోల్లో రాయి వుంటుంది, నీళ్లుంటాయి, ఫోటో దిగినవాడు వుంటాడు. కోట లోపల యిప్పటికీ కాపురం వుంటున్న వూరు వుండదు. ఆ వూరి పిల్లవాడు వుండడు. మూడున్నర శతాబ్దాలకు పైగా గండికోటను గూర్చి వచ్చినవాళ్లు రాశారు, పుట్టినవాళ్లు రాయలేదు.

పుట్టినవాళ్లు రాయకపోవడానికి బడిభాష కూడా కారణమే. మా పిల్లవాడు యింట్లో ‘మడక’ అంటాడు, పుస్తకం ‘నాగలి’ అంటుంది. వాడు ‘ఎర్రగడ్డ’ అంటే పుస్తకం ‘ఉల్లిపాయ’ అంటుంది. ‘అలసందలు’ అంటే ‘బొబ్బర్లు’ అంటారు. ‘చెనిక్కాయలు’ అంటే ‘వేరుశనగ’ అని దిద్దుతారు. దిద్దిన ప్రతిసారీ వాడికి తెలిసేదేమిటంటే, తన అమ్మ మాట తప్పు. గిడుగు రామమూర్తి పోరాటం సగమే గెలిచింది. గ్రంథం దిగిపోయింది గాని, ఆ పీట మీద నాలుగు జిల్లాల వ్యవహారం కూర్చున్నది.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వెలువడిన మాండలిక వ్యవసాయ పదకోశం కోసం పరిశోధకులు జిల్లాజిల్లాకు పోయి రైతుల నోటినుంచి మాటలు సేకరించారు. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా వూళ్ల పేర్ల మీద పరిశోధన చేశారు. అంతటి విద్వాంసులు చేసిన పనిలో చిన్న భాగం నాలుగో తరగతి పిల్లలు చెయ్యగలరు. ఫోనులో గొంతు పంపే సౌకర్యం వుంది. అవ్వ చేత గొర్రు, గుంటక, మడక భాగాల పేర్లు చెప్పించి, ఆ మాటలను పలక మీద రాసి, మరో జిల్లా బడికి పంపితే, అక్కడి పిల్లలు తమ మాటలు పంపుతారు. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూసిన పిల్లవాడు నేర్చుకునేది యిది: నా మాట తప్పు కాదు, వేరు. యీ వొక్క యెరుక పది వ్యాకరణ పాఠాల పెట్టు.

మునిగిన వూరి పిల్లలకు యీ పని మరింత అవసరం. వీధిపేర్లు, బావుల పేర్లు, చేల పేర్లు, వంకల పేర్లు నీళ్లకింద పోయాయి. రెవిన్యూ రికార్డులో సర్వేనంబరు వుంటుంది గాని, ఆ చేనిని ఆ పేరుతో యెందుకు పిలిచేవాళ్లో వుండదు. అది తాతల నోట్లో వుంది, తాతలు వెళ్లిపోతున్నారు. వేరువేరు కాలనీల బడుల్లో వున్న పిల్లలు తమ తాతల దగ్గర విన్నది వొకరికొకరు చెప్పుకుని కూర్చితే, అది కొత్త కైఫియత్తు. దొరలది కాదు, జనానిది.

6

దీనికి పెద్ద యేర్పాట్లు అక్కరలేదు. రెండు బడులు, యిద్దరు ఉపాధ్యాయులు, బడికి వొక ఫోను. వారానికి వొక గంట. పిల్లలు ముందు కాగితం మీద కలిసి రాయాలి. అందరూ చదివి దిద్దుకున్న తరువాతే ఫోటో పోవాలి. పిల్లల ముఖాలు, యింటి పేర్లు పంపకూడదు. వచ్చిన జవాబు తరగతిలో గట్టిగా చదవాలి. కాగితాలన్నీ బడి బీరువాలో వుండాలి. యే కంపెనీ మూతపడినా అవి మూతపడవు. మార్కులు వుండకూడదు, పైకి నివేదికలు వుండకూడదు. నివేదిక అడిగిన మరుక్షణం పిల్లవాడు స్నేహితుడికి రాయడం మానేసి అధికారికి రాయడం మొదలుపెడతాడు.

దీనిమీద రెండు ఆక్షేపణలు రావచ్చు. సామాజిక మాధ్యమాలు పిల్లలకు హానికరమని తేలుతుంటే మీరు బడిలోకి తెమ్మంటున్నారేమని మొదటిది. 2025 డిసెంబరు 10 నుంచి ఆస్ట్రేలియా 16 యేళ్ల లోపు వాళ్లకు ప్రధాన సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు నిషేధించింది. ఆ భయంలో న్యాయం వుంది. కాని నేను చెప్పే పద్ధతిలో పిల్లవాడికి ఖాతా లేదు, వాడి చేతిలో ఫోను లేదు, చివర లేకుండా కదిలే బొమ్మలు లేవు. వాడి చేతిలో వున్నది పెన్సిలు. ఫోను టపాబంట్రోతు పని మాత్రమే చేస్తుంది.

రెండో ఆక్షేపణ మన మిత్రులనుంచే వస్తుంది. పెట్టుబడిదారుడి పనిముట్టుతో ప్రజల చదువు సాగుతుందా? అచ్చుయంత్రం కూడా పెట్టుబడిదారుడు చేసిందేనని జవాబు చెప్పి తప్పుకోవచ్చు. కాని ఆ జవాబు పూర్తిగా నిజాయితీ అయినది కాదు. అచ్చుయంత్రం కొన్నాక మనది. మనం యేమి అచ్చువేశామో అది యజమానికి చెప్పదు. వాట్సాప్ మనది కాదు; అద్దెకొంప, అద్దె డబ్బుగా గాక మన వాడకపు వివరాలుగా చెల్లిస్తున్నాం. అందుకే కాగితం మొదట, ఫోను తరువాత అంటున్నాను. అంతేగాక, ప్రజల సొమ్ముతో పిల్లల కోసం వుత్తరాల వేదిక కట్టమని అడిగే హక్కు మనకు వుంది. 2017లో కేంద్రం పెట్టిన దీక్ష వేదిక ప్రజలదే. కాని అది ప్రధానంగా పైనుంచి కిందికి పాఠాలు దించే గ్రంథాలయం. పక్కనుంచి పక్కకు పిల్లలు రాసుకునే చోటు కూడా కావాలి. 2025 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో పౌరసేవలనే వాట్సాప్‌లో పెట్టింది. సర్టిఫికెట్లకు దారి దొరికినప్పుడు పిల్లల వుత్తరాలకు దారి దొరకదనడం సబబు కాదు.

ఉపాధ్యాయ మిత్రులకూ, విద్యార్థులకూ నా మనవి వొక్కటే. మన సంఘం శాఖలు ప్రతి జిల్లాలోనూ వున్నాయి. మన సభ్యుల్లో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు వున్నారు. కవిసమ్మేళనాలకు పెట్టే శ్రమలో పదోవంతు పెడితే యీ యేడు కొన్ని బడుల జంటలు యేర్పడతాయి: పెన్న వొడ్డు బడికి వంశధార వొడ్డు బడి, ముంపు కాలనీ బడికి పోలవరం ముంపు కాలనీ బడి. ఫోను మంచిదా చెడ్డదా అన్న చర్చను అప్పుడు ఆ పిల్లల వుత్తరాలే తేలుస్తాయి. వాళ్లు రాసినది మనం చదవగలిగినంత మంచి పాఠకులమా అన్నది తరువాత తేలవలసిన విషయం.